కిల్ మైనస్ 10: ల్యాప్‌టాప్‌లో ఒక మాట, రౌటర్‌లో ఇంకో మాట

ఈ ఎపిసోడ్‌లో లినక్స్ కెర్నల్‌లో ఉండే ఒక చిన్న ఫైల్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు సిగ్నల్ డాట్ హెచ్. కెర్నల్ సోర్స్‌లో ఆర్చ్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కో రకం ప్రాసెసర్‌కి ఒక్కో ఫోల్డర్: ఎక్స్86, ఆర్మ్64, మిప్స్, స్పార్క్, ఇలా. వీటిలో చాలావాటికి తమ సొంత సిగ్నల్ డాట్ హెచ్ ఉంటుంది. తెరిస్తే పెద్దగా ఏమీ కనపడదు. ఒక పేరు, పక్కన ఒక నంబర్. ఇంకో పేరు, ఇంకో నంబర్. ఈ ఫైల్ ఒకటుందని తెలియక నేను ఒకప్పుడు మా రూమ్‌మేట్‌ని దొంగని చేశాను. ఆ కథ చెప్తాను. ముందు సిగ్నల్ అంటే ఏంటో రెండు ముక్కలు.

మీ ఫోన్‌లో ఏదో యాప్ వాడుతుంటే ఒక్కసారిగా మూసుకుపోతుంది కదా. ఆ టైమ్‌లో లాగ్ చూస్తే చాలాసార్లు "ఫేటల్ సిగ్నల్ 11" అని ఉంటుంది. అంటే ఆ యాప్ తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. ప్రాసెసర్ పట్టుకుని కెర్నల్‌కి చెప్పింది, కెర్నల్ ఆ యాప్‌కి 11 అనే నంబర్ పంపింది. ఇంకోటి. ఫోన్‌లో ర్యామ్ తక్కువైనప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్స్ వాటంతట అవే పోతుంటాయి. అది 9. సిగ్నల్ అంటే అంతే, ఒక ప్రాసెస్‌కి వెళ్ళే చిన్న కబురు. ఆ కబురులో ముఖ్యమైంది నంబరే.

కబురు వచ్చాక ప్రోగ్రామ్ ఏం చేయాలో ముందే చెప్పి పెట్టుకోవచ్చు. "ఈ నంబర్ వస్తే ఫలానా ఫంక్షన్ నడుపు" అంటే దాన్ని హ్యాండ్లర్ అంటారు. "పట్టించుకోకు" అని కూడా చెప్పొచ్చు. ఏమీ చెప్పకపోతే కెర్నల్ తన పద్ధతిలో తను చేస్తుంది, చాలా సిగ్నల్స్‌కి ఆ పద్ధతి ఏంటంటే ప్రోగ్రామ్‌ని చంపేయడం. 9కి మాత్రం హ్యాండ్లర్ పెట్టడం కుదరదు. అది వచ్చిందంటే వెళ్ళిపోవాల్సిందే.

సరే, కథలోకి వద్దాం.

అప్పుడు మేం ఐదుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఒకటే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, నెలకి ఇంత డేటా అని లిమిట్. అది అయిపోతే స్పీడ్ నత్తనడక. ప్రతి నెలా 20వ తారీఖుకల్లా గొడవ మొదలయ్యేది, ఎవడు ఎక్కువ వాడాడు అని. ఎవరు ఎంత వాడితే అంత కట్టాలని తీర్మానం చేసుకున్నాం. లెక్క పెట్టే పని నాకు పడింది, కంప్యూటర్ సైన్స్ నేనొక్కడినే కాబట్టి.

మా దగ్గర ఒక పాత రౌటర్ ఉండేది, అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను. అది రౌటర్ల కోసం చేసిన లినక్స్. సీలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఎవరి ఫోన్, ఎవరి ల్యాప్‌టాప్ ఎంత వాడుతోందో మెమరీలో లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. రౌటర్‌లో ఉండే ఫ్లాష్ మెమరీ మీద ఊరికే రాస్తూ ఉంటే అది తొందరగా పాడవుతుంది, అందుకని రోజుకి ఒక్కసారే, అర్ధరాత్రి 12కి, ఫైల్‌లో రాయాలి. "ఇప్పుడు రాయి" అని చెప్పడానికి సిగ్‌యూజర్1 అనే సిగ్నల్ పెట్టుకున్నాను. ఇది మనలాంటివాళ్ళ కోసమే ఖాళీగా వదిలిన సిగ్నల్, దానికి కెర్నల్ దృష్టిలో అర్థం ఏమీ లేదు, మనం ఇచ్చుకున్నదే అర్థం. రాత్రి 12కి ఒక స్క్రిప్ట్ నడిచి "కిల్ మైనస్ 10" అని పంపుతుంది. సిగ్‌యూజర్1 నంబర్ 10 కదా. ల్యాప్‌టాప్‌లో ఎన్నోసార్లు టెస్ట్ చేశాను, చక్కగా పనిచేసింది. ఒకవేళ ప్రోగ్రామ్ పోతే మళ్ళీ మొదలుపెట్టే ఇంకో స్క్రిప్ట్ కూడా పెట్టాను. చాలా జాగ్రత్తపరుణ్ణి అన్నమాట.

రౌటర్‌లో పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే ఫైల్‌లో ఏమీ లేదు. లెక్క సున్నా నుంచి మొదలైంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

రౌటర్ పాస్‌వర్డ్ నాకు కాక ఇంకొకడికే తెలుసు. మా అందరిలో ఎక్కువ వాడేది కూడా వాడే. రాత్రిళ్ళు మ్యాచ్‌లు, సిరీస్‌లు. నాకు ఇంకేం కావాలి? అందరి ముందూ అనేశాను, "నువ్వే రీసెట్ చేస్తున్నావు" అని. వాడు "నేను ముట్టుకోలేదురా" అన్నాడు. నేను నమ్మలేదు. వాడు ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు, అన్నం కూడా బయటే తినొచ్చేవాడు.

నాలుగో రోజు నా స్క్రిప్ట్ రాసుకున్న లాగ్ చూశాను. ప్రోగ్రామ్ పోయినప్పుడు దాని ఎగ్జిట్ కోడ్ అందులో ఉంటుంది: 138. షెల్‌లో ఒక లెక్క ఉంది. ఏదైనా ప్రోగ్రామ్ సిగ్నల్ వల్ల చనిపోతే 128కి ఆ సిగ్నల్ నంబర్ కలిపి చూపిస్తుంది. డాకర్ వాడేవాళ్ళు 137 చూసే ఉంటారు, అది 128 ప్లస్ 9. మరి 138 అంటే 128 ప్లస్ 10. అంటే సిగ్‌యూజర్1. అంటే టైమ్ సరిగ్గా 12, నా స్క్రిప్ట్ పంపిన సిగ్నలే నా ప్రోగ్రామ్‌ని చంపింది! రూమ్‌మేట్ పాపం ఏమీ చేయలేదు.

అక్కడే వెళ్ళి సారీ చెప్పాల్సింది. చెప్పలేదు. ముందు కారణం తెలుసుకుందాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఎందుకంటే నా హ్యాండ్లర్ సరిగ్గానే ఉంది. ఆ ఫంక్షన్‌ని ఇంకో రెండు రోజులు తిరగేసి మరగేసి చూశాను. తప్పేమీ దొరకలేదు.

చివరికి రౌటర్‌లోకే లాగిన్ అయి, ప్రోగ్రామ్‌ని చేత్తో నడిపి, కిల్ మైనస్ 10 కొట్టాను. స్క్రీన్ మీద వచ్చిన మాట: "బస్ ఎర్రర్". యూజర్ సిగ్నల్ కాదు, బస్ ఎర్రర్. అప్పుడు "కిల్ మైనస్ ఎల్" కొట్టాను, అది ఆ మెషీన్‌లో ఉన్న సిగ్నల్స్ అన్నీ నంబర్లతో చూపిస్తుంది. 10 పక్కన బస్ అని ఉంది. యూజర్1 ఎక్కడుందయ్యా అంటే 16 దగ్గర.

ఆ రౌటర్‌లో ఉన్నది మిప్స్ చిప్. మిప్స్‌లో సిగ్‌యూజర్1 నంబర్ 16. నా సీ ప్రోగ్రామ్‌లో నేను సిగ్‌యూజర్1 అని పేరు రాశాను కాబట్టి మిప్స్ కోసం కంపైల్ చేసినప్పుడు అది 16 అయింది. నా స్క్రిప్ట్‌లో మాత్రం 10 అని నంబర్ రాశాను. ప్రోగ్రామ్ 16వ తలుపు దగ్గర కూర్చుని ఎదురుచూస్తోంది, నేను పోయి 10వ తలుపు విరగ్గొడుతున్నాను. ఒక ఊళ్ళో 10 నంబర్ బస్సు స్టేషన్‌కి వెళ్తుంది, ఇంకో ఊళ్ళో అదే నంబర్ బస్సు ఇంకెక్కడికో వెళ్తుంది, అలాగే ఇదీ. కాకపోతే మిప్స్‌లో 10 అంటే నిజంగానే బస్.

స్క్రిప్ట్‌లో ఒక్క మాట మార్చాను. మైనస్ 10 తీసేసి మైనస్ యూజర్1 అని. ఇంగ్లీష్‌లో యూ, ఎస్, ఆర్, 1 అని కొట్టాలి. అంతే, ఆ రాత్రి ఫైల్ రాసుకుంది. తర్వాత వెళ్ళి వాడికి చెప్పాను. "బస్సేంట్రా?" అన్నాడు. వివరించడానికి అరగంట పట్టింది, నమ్మించడానికి ఇంకో అరగంట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే లినక్స్, ఒకే కెర్నల్, మరి నంబర్లు ఎందుకు వేరు?

కొన్ని ఎక్కడైనా ఒకటే. 1, 2, 3, 6, 9, 11, 15 మీరు ఏ చిప్ మీద చూసినా మారవు. ఇవి పాత యూనిక్స్ కాలం నుంచి వస్తున్నవి. కిల్ మైనస్ 9 ప్రపంచమంతా పనిచేసేది అందుకే. మారేవాటిలో చాలావరకు తర్వాత చేరినవి. బీఎస్‌డీ యూనిక్స్ ఒక దారిలో వెళ్ళింది, సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ ఇంకో దారిలో వెళ్ళింది, ఎవరి నంబర్లు వాళ్ళు ఇచ్చుకున్నారు. 1990లలో లినక్స్ కొత్త చిప్‌ల మీదకి వెళ్తున్నప్పుడు ఆ చిప్‌ల మీద అప్పటికే కంపెనీల యూనిక్స్‌లు నడుస్తున్నాయి. డిజిటల్ కంపెనీ ఆల్ఫా మీద ఓఎస్‌ఎఫ్1, సన్ కంపెనీ స్పార్క్ మీద సన్‌ఓఎస్, మిప్స్ మెషీన్ల మీద సిస్టమ్ ఫైవ్ రకానివి. ఆ యూనిక్స్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లు లినక్స్ మీద కూడా నడిస్తే బాగుంటుంది కదా? ఆల్ఫా సిగ్నల్ ఫైల్‌లో ఇప్పటికీ ఒక కామెంట్ ఉంది. దాని సారాంశం ఇదే: ఇక్కడి నంబర్లు ఐ386 నంబర్లలా ఉండవు, ఓఎస్‌ఎఫ్1 బైనరీలు నడవాలని ప్రయత్నిస్తున్నాను, అని.

అందుకని ఆల్ఫాలో, స్పార్క్‌లో సిగ్‌యూజర్1 నంబర్ 30. మిప్స్‌లో 16. మన ల్యాప్‌టాప్ ఎక్స్86లో, ఫోన్‌లోని ఆర్మ్‌లో 10. నాకు బాగా నవ్వొచ్చేది 19. ఎక్స్86లో 19 అంటే సిగ్‌స్టాప్, ఆగు. ఆల్ఫాలో 19 అంటే సిగ్‌కంటిన్యూ, నడువు. ఆగమంటే నడుస్తుంది. మిప్స్‌లో 19 అంటే కరెంటుకి సంబంధించిన సిగ్నల్, సిగ్‌పవర్.

"మరి ఇప్పుడు అందరికీ ఒకే నంబర్ చేసేయొచ్చుగా, ఒక ఫైల్ మార్చడమే కదా" అనిపిస్తుంది. కుదరదు. సోర్స్ కోడ్‌లో మనం పేరు రాస్తాం, కానీ కంపైల్ అయ్యాక బైనరీలో పేరు ఉండదు, నంబరే ఉంటుంది. నా రౌటర్ ప్రోగ్రామ్ లోపల ఉన్నది 16 మాత్రమే. రేపు కెర్నల్‌లో మిప్స్ యూజర్1ని 10 చేస్తే, ప్రపంచంలో ఉన్న మిప్స్ ప్రోగ్రామ్‌లన్నీ ఒకే రోజు నా స్క్రిప్ట్‌లా అయిపోతాయి. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని కెర్నల్ అప్‌డేట్ పాడుచేయకూడదు అనేది లినస్ టోర్వాల్డ్స్ చాలా గట్టిగా పట్టుకునే రూల్. అందుకే ఈ ఫైళ్ళు యూఏపీఐ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. కెర్నల్ బయటివాళ్ళకి ఇచ్చిన మాట ఆ ఫోల్డర్‌లో ఉంటుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు.

తర్వాత వచ్చిన చిప్‌లకి ఈ గోల లేదు. 64 బిట్ ఆర్మ్ 2012లో కెర్నల్ 3.7తో వచ్చింది, రిస్క్ ఫైవ్ 2018లో 4.15తో వచ్చింది. రెండూ అందరికీ ఉమ్మడిగా ఉండే ఏఎస్‌ఎం జెనెరిక్ ఫైల్‌లోని నంబర్లే తీసుకున్నాయి. మొయ్యడానికి వాటికి పాత సామాను లేదు.

పాత సామాను అంటే గుర్తొచ్చింది. సిగ్నల్ 6కి సిగ్‌అబార్ట్‌తో పాటు సిగ్‌ఐఓటీ అని ఇంకో పేరుంది. అది 1970ల పీడీపీ 11 కంప్యూటర్‌లో ఉన్న ఒక ఇన్‌స్ట్రక్షన్ పేరు. మీ చేతిలో ఉన్న ఫోన్ కెర్నల్‌లో కూడా ఆ పేరు ఇంకా ఉంది. ఎక్స్86లో 16వ సిగ్నల్ సిగ్ స్టాక్ ఫాల్ట్, కోప్రాసెసర్ కోసం పెట్టారు, దాన్ని కెర్నల్ ఎప్పుడూ పంపదు. ఊరికే కుర్చీ ఆక్రమించుకుని కూర్చుంది. మిప్స్‌లో ఇంకో విచిత్రం. మిగతా చిప్‌లలో మొత్తం 64 సిగ్నల్స్ ఉంటే మిప్స్‌లో 128. కానీ ఒక ప్రోగ్రామ్ ఏ సిగ్నల్‌తో పోయిందో చెప్పడానికి లినక్స్ కేటాయించింది 7 బిట్లే. 7 బిట్లలో 127 వరకే పడుతుంది. ఆ 127 కూడా "ఆగి ఉంది" అనే అర్థానికి వాడేశారు. చివరి రెండూ ఇరుక్కుపోయాయి.

నంబర్లు ఒక ఎత్తు. ఏ తప్పుకి ఏ సిగ్నల్ అనేది ఇంకో ఎత్తు. దానికి ఒక చిన్న ఎక్స్‌పెరిమెంట్.

సీలో రెండు నంబర్లు అడిగి తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించే ప్రోగ్రామ్ రాయండి. పూర్ణాంకాలతోనే. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేయండి. ల్యాప్‌టాప్‌లో నడిపి 10, 0 ఇవ్వండి. "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్" అని చచ్చిపోతుంది. దశాంశాలే లేని లెక్కకి ఫ్లోటింగ్ పాయింట్ ఏంటో, అదీ చరిత్రే. అక్కడ జరిగింది ఏంటంటే, సున్నాతో భాగించమంటే ఎక్స్86 ప్రాసెసర్ "నా వల్ల కాదు" అని ఎక్సెప్షన్ లేపుతుంది, కెర్నల్‌లోని ఎక్స్86 కోడ్ దాన్ని 8వ సిగ్నల్‌గా మార్చి ప్రోగ్రామ్‌కి పంపుతుంది.

ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌ని మీ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ పెట్టుకుని కంపైల్ చేయండి. 10, 0 ఇవ్వండి. ఆన్సర్ 0 అని వస్తుంది. చావదు, గొడవ చేయదు. 64 బిట్ ఆర్మ్‌లో సున్నాతో భాగిస్తే ఫలితం సున్నా అని ప్రాసెసర్ డిజైన్‌లోనే రాసుకున్నారు. రిస్క్ ఫైవ్‌లో అయితే మైనస్ 1 వస్తుంది. ప్రాసెసర్ ఎక్సెప్షనే లేపకపోతే కెర్నల్ పంపడానికి సిగ్నల్ ఏముంటుంది?

సీ భాష రూల్ ప్రకారం సున్నాతో భాగించడం అసలు నిర్వచనం లేని పని, ఏమైనా జరగొచ్చు. జావాలో, కోట్లిన్‌లో అయితే పూర్ణాంకాల దగ్గర భాషే ఎక్సెప్షన్ ఇస్తుంది కాబట్టి ఈ తేడా మీకు కనపడదు. కానీ గేమ్ ఇంజన్‌లు, వీడియో కోడ్ లాంటివి సీలో, సీ ప్లస్ ప్లస్‌లో ఉంటాయి. నన్నడిగితే చచ్చిపోయే ల్యాప్‌టాప్ కన్నా నవ్వుతూ సున్నా చెప్పే ఫోనే ప్రమాదం. ఐదుగురి సగటు లెక్కలో ఎవరూ లేకపోతే ల్యాప్‌టాప్ అరుస్తుంది. ఫోన్ 0 అంటుంది, మనం నిజమే అనుకుంటాం.

మూడో విషయం కొంచెం లోతుగా ఉంటుంది, కానీ ఇది చెప్పకుండా వదిలితే నాకు తృప్తి ఉండదు.

సిగ్నల్ వచ్చినప్పుడు మీ ప్రోగ్రామ్ ఏదో పని మధ్యలో ఉంటుంది. కెర్నల్ దాన్ని ఆపి హ్యాండ్లర్‌లోకి పంపాలి, హ్యాండ్లర్ అయ్యాక ఆపిన చోటి నుంచే మళ్ళీ నడిపించాలి. వంట మధ్యలో డోర్‌బెల్ మోగినట్టు. స్టవ్ ఎంత మంట మీద ఉంది, ఉప్పు వేశామా లేదా అన్నీ గుర్తుపెట్టుకుని వెళ్ళాలి. ప్రాసెసర్‌కి ఆ గుర్తులు రిజిస్టర్లు. కెర్నల్ వాటన్నిటినీ ఆ ప్రోగ్రామ్ స్టాక్ మీదే ఒక మూటలా కట్టి పెడుతుంది. హ్యాండ్లర్ అయ్యాక సిగ్‌రిటర్న్ అనే సిస్టమ్ కాల్ వచ్చి ఆ మూట విప్పుతుంది. మూటలో ఏముండాలో ప్రతి చిప్‌కీ వేరేగా రాయాలి, ఎందుకంటే ఏ చిప్ రిజిస్టర్లు దానివి. 64 బిట్ ఆర్మ్‌లో 31 మామూలు రిజిస్టర్లు, స్టాక్ పాయింటర్, ప్రోగ్రామ్ కౌంటర్, ఇంకొన్ని. వీటి పైన, ముందు ముందు అవసరం పడుతుందని 4096 బైట్లు రిజర్వ్ చేసి పెట్టారు.

ఆ ముందుచూపు ఎక్స్86కి లేదు. అక్కడ సిగ్నల్ కోసం కనీస స్టాక్ సైజ్ 2048 బైట్లు అని ఎప్పుడో హెడర్‌లో రాసేశారు. తర్వాత ఏవీఎక్స్ 512 వచ్చింది. అందులో 32 పెద్ద రిజిస్టర్లు, ఒక్కోటి 64 బైట్లు. గుణించండి. 2048. అంటే ఆ రిజిస్టర్లకే స్థలం మొత్తం సరి, మిగతా మూటకి చోటే లేదు. రూల్ చదివి, నిజాయితీగా 2048 బైట్ల స్టాక్ ఇచ్చిన ప్రోగ్రామ్‌కి సిగ్నల్ వస్తే మూట అంచు దాటి పక్క మెమరీ మీద పడేది. కొత్త ప్రాసెసర్ కొనుక్కోవడమే ఆ ప్రోగ్రామ్ ఓనర్ చేసిన తప్పు.

2021లో కెర్నల్ 5.14లో దీనికి మందు వేశారు. మూటకి స్థలం సరిపోకపోతే మెమరీ పాడుచేయకుండా కెర్నల్ ముందే ఆ ప్రోగ్రామ్‌ని ఆపుతుంది, "ఈ చిప్‌లో నిజంగా ఇంత స్థలం కావాలి" అని ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే చెప్తుంది. అదే ఏడాది గ్లిబ్‌సీ 2.34లో ఈ స్టాక్ సైజ్‌ని స్థిరమైన నంబర్‌గా కాకుండా నడిచేటప్పుడు అడిగి తెలుసుకునేలా మార్చారు. దాంతో ఆ నంబర్‌ని ఎర్రే సైజ్‌గా వాడుకున్న పాత కోడ్ చాలాచోట్ల కంపైల్ అవ్వడం మానేసింది. మాట మార్చకుండా బతకడం ఎంత కష్టమో చూడండి.

సరే, ఇప్పుడు మీ ఫోన్ తీసుకోండి. టెర్మక్స్‌లో "స్లీప్ 100" అని బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, దానికి కిల్ మైనస్ 10 పంపండి. "యూజర్ సిగ్నల్ 1" అని వస్తుంది. ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన పాత మిప్స్ రౌటర్ ఉంటే అక్కడ కూడా ఇదే పని చేయండి, బస్ ఎర్రర్ వస్తుంది. స్లీప్‌కే పంపండి, ఇంట్లో అందరూ వాడుతున్న దేనికీ పంపకండి.

వచ్చే ఎపిసోడ్‌లో సిగ్‌సెగ్వి ఒక్కదాని గురించే మాట్లాడుకుందాం. ఆండ్రాయిడ్‌లో జావా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ చాలాసార్లు లోపల ఈ 11వ సిగ్నల్ నుంచే పుడుతుంది. అది ఎలాగో చూద్దాం. ఉంటానండీ.